వండినామె తినలేదు

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. అననీ. ఆ నోరే లేకపోతే మా మహిళా సంఘం ఏనాడో మూతపడేది, రోడ్డు మీద వంటావార్పు జరిగేదే కాదు. కాకపోతే ఆ నోటితోనే నేను ఒక ఆడమనిషిని పోలీసులకు అప్పజెప్పబోయాను. ఆ సంగతి నేనే చెప్పాలి. ఇంకెవరైనా చెబితే నా మీద జాలితో నాలుగు మాటలు తగ్గించి చెబుతారు. నాకా జాలి వద్దు.

అది రెండు వేల పదకొండు, సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పది రోజులయింది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. భూపాలపల్లిలో బొగ్గు గనుల వాళ్ళు కూడా పని బందు పెట్టారు. మా జఫర్‌గఢ్ వైపు పల్లెల్లో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. పోయినప్పుడల్లా మేం ఈలలు వేసేవాళ్ళం. కరెంటు పోయిందంటే సమ్మె గట్టిగా నడుస్తున్నట్టే కదా.

ఆ గురువారం మా ఊరి మలుపు దగ్గర వంటావార్పు పెట్టాం. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, ఇంటింటి నుంచి తెచ్చిందంతా ఒకే గంజులో పోసి వండి, అక్కడే బంతులు కూర్చుని తినడం. ఆగిపోయిన బండ్ల వాళ్ళకూ విస్తరి వేస్తాం. బియ్యం తండా వాళ్ళు తెచ్చారు. ఒకరు నాలుగు టమాటాలు తెచ్చారు, ఒకరు ఉల్లిగడ్డలు తెచ్చారు. పెసలు మాత్రం మొత్తం నావే. ఖిచిడీకి కావలసిన పెసలు గంపెడు తెచ్చి అందరి ముందూ దించాను. సంఘం అధ్యక్షురాలు మంగమ్మ గంపెడు ఇచ్చిందని పదిమందీ చెప్పుకోవాలని నా ఆశ. దాచడం దేనికి?

వండింది హసన్ బీ. మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. భర్త గఫార్ పోయి ఏడేళ్ళయింది. ఒక్కతే కూతురు ఆయేషా. ఆ పిల్లను మరిపెడలో ఇచ్చింది. రెండొందల మందికి ఉప్పు చేతి అంచనాతో వేస్తుంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

మొదటి బంతి లేచిన గంటకు వాంతులు మొదలయ్యాయి. ఒకరు, ఇద్దరు, చూస్తుండగానే పదకొండు మంది. తండా ముసలాయన భోజ్యా నడుస్తూ నడుస్తూ తారు రోడ్డు మీదే పడిపోయాడు. నోటి నుంచి నురగ. ఆడవాళ్ళ ఏడుపులు, పిల్లల అరుపులు. ఆగిన బండ్లలోనే ఎక్కించి అందరినీ జనగామ దవాఖానకు పంపాం. రాత్రికి పది మంది తేరుకున్నారు. భోజ్యా మాత్రం కళ్ళు తెరవలేదు.

తెల్లారేసరికి ఊళ్ళో ఒకటే మాట. వండినామె తినలేదు.

ఆ మాట మొదట నేనే అన్నాను. గంజు దగ్గర పొద్దున్నుంచి నిలబడి, రెండొందల మందికి వండి, తను మాత్రం ఒక్క మెతుకు ముట్టలేదు. నేను విస్తరి పట్టుకుని వెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు పట్టించుకోలేదు కానీ, రాత్రంతా ఆ అడ్డం పెట్టిన చెయ్యే నా కళ్ళ ముందు ఆడింది. అంతేనా? వంట మధ్యలో రెండుసార్లు ఫోన్ పట్టుకుని పక్కకు పోయింది. అల్లుడు ఉమర్ విజయవాడకు లారీ నడుపుతాడు. ఇంకేం కావాలి? అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

పొద్దున్నే ఎస్సై వచ్చి, "ఎవరి మీద అనుమానమో కాగితం మీద రాసివ్వండి, సాయంత్రం వచ్చి తీసుకుపోత," అని వెళ్ళిపోయాడు. తీసుకుపోవడమంటే కాగితాన్నే కాదు, అందులో పేరున్న మనిషిని కూడా. హసన్ బీని బడి వరండాలో కూర్చోబెట్టాం. కట్టేయలేదు, తలుపు వేయలేదు. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళం ఉన్నాం, ఎక్కడికి పోతుంది? మా సంఘంలోని రుక్కి చాయ్ ఇస్తే వద్దంది. నీళ్ళిచ్చినా వద్దంది.

"చూసినవా? మన నీళ్ళు సుత ముడుతలేదు," అన్నాను అందరికీ వినబడేలా.

హసన్ బీ తలెత్తి, "అక్కా, నేను నిన్న నిన్ను అడిగిన గద..." అని ఏదో చెప్పబోయింది.

"నువ్వు నన్నేం అడగలే. ఇప్పుడు కతలు పడకు," అని నోరు మూయించాను.

కాగితం రాయడానికి జైసింగ్ సారును పిలిచాను. తండా మనిషి, మా ఊరి బడిలోనే పంతులు, సమ్మెలో ఉన్నాడు. నేను ఐదో తరగతి దాకా చదివాను, సంతకం బాగానే పెడతాను, కాగితం రాయడం మాత్రం నా వల్ల కాదు. జైసింగ్ రాత ముత్యాల్లా ఉంటుంది. పైగా కళ్ళు తెరవని భోజ్యా ఆయనకు సొంత మేనమామ. నాకంటే ఎక్కువగా మండిపోతుంటాడనుకున్నాను. సమ్మె కోసం బడి ముందు వేసిన దీక్షా శిబిరంలో చాప మీద కూర్చుని, ఒడిలో అట్ట పెట్టుకుని, పెన్ను మూత తీశాడు.

"చెప్పక్కా."

"రాయి. మా అన్నంల విషం కలిపింది హసన్ బీ."

పెన్ను కదల్లేదు. "కలుపుతుంటె నువ్వు చూసినవా?"

"చూస్తె ఆడనే ఆ చెయ్యి ఇరగ్గొడుదును."

"అంటే చూడలే."

"చూడలే. అయితేంది?"

"ఇంకెవరన్న చూసిండ్రా?"

"అందరు అంటున్నరు."

"అందరంటె ఎవరెవరక్కా? పేర్లు చెప్పు, రాసుకుంట."

ఒళ్ళు మండింది. పేర్లట! "రుక్కి చూసింది," అన్నాను.

రుక్కి పక్కనే ఉంది. జైసింగ్ ఆమె వైపు తిరిగాడు. "రుక్కీ, నువ్వేం చూసినవు?"

"ఫోన్ పట్టుకోని చింతచెట్టు ఎనుకకు పోయింది సారూ. రెండు మాట్ల పోయింది."

"ఏం మాట్లాడింది?"

"నాకెట్ల ఎరుక? వాళ్ళ మాటల మాట్లాడింది."

జైసింగ్ రాసుకున్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "నాకు జర సమజ్ అయితలేదక్కా. ఫోన్ మాట్లాడుడుకు, విషానికి సంబంధం ఏంది?" అన్నాడు.

"ఏంది సారూ గట్ల అడుగుతవు? అల్లుడు విజయవాడ లారీ నడుపుతడా లేదా? మన లొల్లి ఆపాలని ఆంధ్రోళ్ళు చెప్పి పంపిండ్రు. అల్లుడు ఫోన్ చేసిండు. ఈమె కలిపింది. చిన్న పోరగానికి సుత సమజ్ అయితది."

"ఫోన్ చేసింది అల్లుడేనా?"

"ఇంకెవరు చేస్తరు?"

"చేసిండని తెలుసా, చేసి ఉంటడని అనుకుంటున్నవా?"

"ముందు రాసెయ్యి," అన్నాను.

"ఉమర్ లారీ ఇప్పుడు ఏడున్నది?"

"నాకేం ఎరుక?"

"ఎరుక లేదని రాయాల్నా?"

నాకు అప్పుడు జైసింగ్ మీదే అనుమానం వచ్చింది. సొంత మేనమామ చావు బతుకుల మధ్య ఉంటే ఈ మనిషి ఇంత నింపాదిగా అడుగుతాడేంటి? హసన్ బీ బడిలో ఈయనకు రోజూ అన్నం పెడుతుంది కదా, ఇద్దరూ ఏమైనా కూడబలుక్కున్నారా? కడుపులో ఉన్నది కక్కేశాను.

"నువ్వు ఎవరి దిక్కు సారూ? తేల్చి చెప్పు."

ఆయనకు కోపం రాలేదు. "కాయితం దిక్కు ఉన్న అక్కా. దీని కింద నీ సంతకం ఉంటది. రేపు కోర్టుల వకీలు గివే అడుగుతడు. మా తాత తండకు నాయకు ఉండె. ఎవలన్న మాట చెప్తె, ఆ మాట మళ్ళ ఆయన చెప్పి, 'గింతేనా?' అని అడుగుతుండె. ఔనంటెనే పంచాయితీ ముందుకు పోతుండె. నాక్కూడ గదే అలవాటయింది. చదువుత, ఇను."

చదివాడు. "కలుపుతుంటే మంగమ్మ చూడలేదు. రుక్కి చూడలేదు. ఫోన్ ఎవరు చేశారో తెలియదు. ఏం మాట్లాడారో తెలియదు. లారీ ఎక్కడుందో తెలియదు. హసన్ బీ అన్నం తినలేదు." తలెత్తి, "గింతేనా?" అన్నాడు.

శిబిరంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా ముఖం కందగడ్డ అయింది. రాత్రంతా నా తలలో అంత గట్టిగా అతుక్కున్న మాటలు, ఆ మనిషి నోట్లోంచి వస్తుంటే ఒకదానికొకటి సంబంధమే లేకుండా విడివిడిగా రాలిపోయాయి. అయినా నేను తగ్గలేదు.

"ఆఖరిది ఒక్కటి సాలదా? వండినామె ఎందుకు తినలే?"

"మంచిగడిగినవు. తిననోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?"

"ఎవరు లేరు. అందరు తిన్నరు."

"నువ్వు తిన్నవా అక్కా?"

"నేనా? వడ్డించెటోళ్ళు ఆఖరికి తింటరు గద! నా వంతు రాకముందే వాంతులు షురూ అయినయి."

చెప్పాక తెలిసింది ఏం చెప్పానో. ఆడవాళ్ళు నా వైపు చూశారు. అది పొద్దున హసన్ బీ వైపు చూసిన చూపే. ఒక్క క్షణమే చూశారు, కానీ ఆ చూపు ఎట్లా ఉంటుందో నాకు ఒంటికి తగిలింది.

"నన్ను అనుమానపడుతున్నవా?" అని అరిచాను.

"లేదక్కా. నువ్వు తినకపోవుడుకు కారణం ఉన్నది. ఆమెకు సుత ఉన్నదేమో. ఎవలన్న అడిగిండ్రా?"

ఇరవై మందిమి పొద్దున్నుంచి ఆమె చుట్టూ కూర్చున్నాం. ఆమె తినలేదని వందసార్లు అనుకున్నాం. ఎందుకు తినలేదని ఒక్కరం అడగలేదు.

జైసింగ్ లేచి వరండాలోకి వెళ్ళి హసన్ బీ ఎదురుగా గొంతు కూర్చున్నాడు. మేమంతా వెనకే వెళ్ళాం.

"హసన్ బీ, నిన్న ఎందుకు తినలే?"

ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "రోజా ఉన్న సారూ, ఒక్కపొద్దు. రంజాన్ పండుగ ఎళ్ళినంక ఆరు రోజాలు ఉంటం. నిన్న మూడోది, గిది నాలుగోది."

"మరి చెప్పకపోయినవా?"

"ఎవరు అడిగిండ్రు? చెప్పబోతె మంగమ్మక్క కసిరె."

"ఫోన్ ఎవరు చేసిండ్రు?"

"బిడ్డ చేసింది. మన బందుకే అల్లుని లారీ సూర్యాపేట కాడ మూడు దినాల సంది ఆగింది. ఉమర్ దగ్గర ఫోన్ లేదు, ఎట్లున్నడో తెల్వక ఆయేషా ఒకటే ఏడుసుడు. దానికి ఏడో నెల."

అంతటితో నా అనుమానం పోయిందనుకోకండి. అనుమానం ఒకసారి పడితే అంత తొందరగా పోదు. ఆమె కాకపోతే ఇంకెవరు? తండా వాళ్ళా? ఆగిన బండ్లలోంచి దిగిన వాళ్ళా? నా కళ్ళు ఒక్కొక్కరి మీదా తిరుగుతూనే ఉన్నాయి.

జైసింగ్ మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. "దవాఖానల డాక్టరు, కావాలని ఎవలో కలిపిండ్రన్నడా?"

"లేదు. ఏదో పురుగుల మందు కడుపులకు పోయిందన్నడు, గంతే."

"అయితె మనుషుల్ని ఇడిసిపెట్టి గంజు సంగతి చూద్దాం. దాంట్ల ఏమేమి పడ్డయి, ఎక్కడికెళ్ళి వచ్చినయి, ఒక్కొక్కటి చెప్పు."

"బియ్యం మీ తండవే."

"అవే బియ్యం మొన్న రాత్రి మా ఇంట్ల తిన్నం. మంచిగున్నం. ఇంక?"

"ఉల్లిగడ్డ, టమాట. నూనె కొత్త డబ్బ, నా ముంగటనే మూత తీసిండ్రు. పెసలు."

"పెసలు ఎవరియి?"

"నావి. మొత్తం నావే," అన్నాను. అప్పుడు కూడా ఆ 'మొత్తం' అన్న మాటను గర్వంగానే అన్నాను.

"ఇంట్ల ఏడ పెట్టినవి?"

"లోపలి అర్రల. కుండల."

"ఎన్ని కుండలున్నయి?"

"రెండు..."

అంటూనే మా ఇంటి వైపు చూశాను.

రెండు కుండలు. ఒకటి తినడానికి, దాంట్లో పురుగు పట్టకుండా బూడిద కలుపుతాం. మా అత్త కలిపింది, ఆమె అత్త కలిపింది. రెండోది వచ్చే ఏడు విత్తనానికి. బూడిదకు పురుగు ఆగడం లేదని ఈసారి దాంట్లో తెల్ల మందు పౌడరు కలిపాను. గుర్తుకోసం తినే కుండకు తెల్లగుడ్డ, విత్తనాల కుండకు ఎర్రగుడ్డ కట్టాను. గురువారం పొద్దున కరెంటు లేదు. లోపలి అర్రకు కిటికీ లేదు. చీకట్లో తెల్లగుడ్డ ఏది, ఎర్రగుడ్డ ఏది?

"ఇప్పుడే వస్త," అని లేచాను. జైసింగ్ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది. అడిగితే కనీసం తిట్టి పోయేదాన్ని.

ఇంటికి పోయి రెండు కుండలూ వాకిట్లోకి ఈడ్చాను. తెల్లగుడ్డ కుండ నిండుగా ఉంది, ముడి కూడా విప్పలేదు. ఎర్రగుడ్డ కుండ సగానికి దిగిపోయి ఉంది. లోపలి అంచు చుట్టూ తెల్లటి పొడి, ఆ పొడిలో నా నాలుగు వేళ్ళ గీతలు. అక్కడే కూలబడ్డాను. భోజ్యా ముఖం గుర్తొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకొకటి. గురువారం పొద్దున పెసలు కడుగుతూ హసన్ బీ నన్ను పిలిచింది. "మంగమ్మక్కా, పెసలకు తెల్లగ ఏందో ఉన్నది. గిది బూడిదేనా?" అని అడిగింది. నేను బ్యానర్ కట్టించే తొందరలో ఉన్నాను. నేను ఇచ్చినదానికి వంక పెడుతుందా అని మండింది. "బూడిద కాక బంగారమా? కడిగి ఎయ్యి. ప్రశ్నలెందుకు?" అన్నాను. ఆమె మూడు నీళ్ళు పోసి కడిగింది. ఆ మూడు నీళ్ళ వల్లే పదకొండు మందీ పాడెక్కకుండా ఉన్నారు.

నిజం చెబుతాను. అక్కడ కూర్చుని ఒక పని మొదలుపెట్టాను. తినే కుండలోంచి పెసలు తీసి విత్తనాల కుండలో పోయసాగాను. రెండూ సమానం చేసి, గుడ్డలు కట్టి, అర్రలోకి నెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? అధ్యక్షురాలు తన చేత్తో ఊరికి మందు పెట్టిందంటే రేపు ఎవరి ముందు నిలబడాలి? ఏ ముఖంతో నినాదం ఇవ్వాలి? రెండు దోసిళ్ళు పోశాను. మూడో దోసిలి చేతిలోనే ఉండిపోయింది.

హసన్ బీ కాక, ఆమె నన్ను అడిగిందని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. అది నేనే. నేను నోరు మూసుకుంటే ఆమె అడగనట్టే.

ఎర్రగుడ్డ కుండను చంకన పెట్టుకుని శిబిరానికి వచ్చాను. దారిలో ఎవరో, "గదేంది మంగమ్మక్కా?" అన్నారు. నేను ఆగలేదు. కుండను జైసింగ్ ముందు దించి గుడ్డ విప్పాను.

"రాయి సారూ. ఇత్తనాల పెసలు, మందు కలిపినయి, నేనే తెచ్చిన. చీకట్ల చూసుకోలే. హసన్ బీ గిదేందని నన్ను అడిగింది."

ఆయన రాశాడు. రాసి, తల ఎత్తకుండానే ఇంకొక్కటి అడిగాడు. "నువ్వేమన్నవు?"

ఇరవై మంది ఆడవాళ్ళు, వరండాలో హసన్ బీ. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"'కడిగి ఎయ్యి, ప్రశ్నలెందుకు' అన్న."

అది కూడా రాశాడు. అంతా చదివి వినిపించి "గింతేనా?" అన్నాడు. "గింతే," అని సంతకం పెట్టాను.

పొద్దు గూకే వేళకు ఎస్సై వచ్చాడు. కాగితం చదివి, కుండను చూసి, నన్ను జీపు ఎక్కమన్నాడు. అప్పుడే రోజా విడిచే వేళయింది. నేను చెంబులో నీళ్ళు ముంచి హసన్ బీ ముందు పట్టాను. ఆమె ఆ చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది. పక్కకు తిరిగి, రుక్కి చేతిలోని గ్లాసు తీసుకుని తాగింది. "ఒక్క మాట అడుగుతె చెప్పకపోదునా అక్కా," అంది. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. మెల్లగా అంది.

స్టేషన్లో కూర్చోబెట్టి, తిట్టవలసినవన్నీ తిట్టి, పొరపాటని రాసుకుని పంపేశారు. మర్నాడు భోజ్యా కళ్ళు తెరిచాడు. నేను జనగామ పోయి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. విత్తనాల పెసలు పాడుచేసుకున్నవు గద బిడ్డా అని ఆ ముసలాయన నన్నే ఓదార్చాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అక్టోబరులో రెండో వంటావార్పు పెట్టారు. హసన్ బీ రానంటుందనుకున్నాం, వచ్చింది. రాగానే గంజు కడిగి పొయ్యి మీద పెట్టింది. ఈసారి నేను గంపెడు తేలేదు. తెల్లగుడ్డ కుండలోంచి పట్టపగలు, వాకిట్లో, రెండు దోసిళ్ళు చాటలో పోసుకుని తెచ్చాను. అన్ని రోజుల్లో ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గంజులో పోయబోతుంటే గరిటె అడ్డం పెట్టింది.

"ఏ కుండలయి?"

రెండొందల మంది వింటున్నారు. పాత మంగమ్మ అయితే చాట విసిరికొట్టి పోయేది.

"తినే కుండలయి."

"పగటి ఎలుగుల చూసినవా?"

"చూసిన."

"మీద తెల్లగున్నది ఏంది?"

"బూడిద. మా పొయ్యిల బూడిద."

హసన్ బీ నాలుగు గింజలు తీసుకుని అరచేతిలో నలిపింది. వాసన చూసింది. నాలుక మీద పెట్టుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసింది. ఆ తరువాత గరిటె తీసేసింది.

"గంజుల పొయ్యి అక్కా," అంది.